మేము చదివిన క్రిములు

జర్మన్లు అపరాధ పరిశోధన నవలని 'క్రిమి' అంటారు. 'క్రిమినాల్‌రోమాన్' అనే పొడుగాటి మాటకి అది ముద్దుపేరు. మనకి క్రిమి అంటే పురుగు కనక, ఈ దేశానికి వచ్చిన తెలుగువాడెవడైనా ఆ మాట మొదటిసారి విని ఉలిక్కిపడక తప్పదు. ఇక్కడి పుస్తకాల షాపుల్లో 'క్రిములు' అని బోర్డు కట్టి ఒక గోడంతా వాటికే ఇస్తారు. ఆదివారం రాత్రి ఎనిమిదింబావుకి టీవీలో 'టాట్‌ఓర్ట్' (నేరం జరిగిన చోటు) వస్తుంది. 1970 నవంబరులో మొదలైన ఆ ధారావాహిక ఇప్పటికీ నడుస్తూనే ఉంది. ఆ గంటన్నరసేపు జర్మన్ మిత్రులకి ఫోను చెయ్యకపోవటం మర్యాద. పుస్తకాల పురుగులకి ఇంతకంటె అనువైన దేశం ఉండదు.

ఇంతకీ 'మేము' అంటే ఇద్దరం. మాలో ఒకరు మొదటి పేజీ నుంచి బుద్ధిగా చదువుకుంటూ పోతారు. ఇంకొకరు ముందు ఆఖరి పేజీలు చూసి, హంతకుడెవరో తెలుసుకుని, అప్పుడు నింపాదిగా మొదటికి వస్తారు. ఎవరు ఏ రకమో చెప్పం. ఈ అలవాటు మీద ఇంట్లో చాలా వాదోపవాదాలయినా, దానివల్ల మాకు ఒక కొలబద్ద దొరికింది. హంతకుడెవరో తెలిసిపోయాక కూడా ఆ పుస్తకంలో చదవటానికి ఏమైనా మిగిలిందా? మిగిలితే మంచి పుస్తకం. లేకపోతే రైలు ప్రయాణానికి పనికొచ్చే పుస్తకం. రైలు ప్రయాణాలూ అవసరమే కదా!

గత ఏడాదిగా మునిసిపల్ లైబ్రరీ నుంచీ, వీధి మొగలో ఉన్న ఉచిత పుస్తకాల అలమారా నుంచీ (అక్కర్లేనివాళ్ళు పెట్టిపోతారు, కావలసినవాళ్ళు పట్టుకుపోతారు) తెచ్చుకుని చదివినవాటి మీద మా అభిప్రాయాలివి. మొహమాటం లేకుండా చెప్తున్నాం. హంతకుల పేర్లు మాత్రం బయటపెట్టం.

ముందు మా వంశవృక్షం చెప్పుకోవాలి. మాకు అక్షరాలు నేర్పింది బడి. చదవటం నేర్పింది మాత్రం కొమ్మూరి సాంబశివరావు గారు. డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంటు రాజు లేకపోతే మేం అంత వేగంగా తెలుగు చదివేవాళ్ళం కాము. అద్దె పుస్తకాల షాపులో రోజుకి ఇంత అని లెక్క కనక, తెల్లారేలోగా పూర్తి చెయ్యాలి. లెక్కల పుస్తకం మధ్యలో పెట్టుకుని చదవాలి. చేతులు మారి మారి వచ్చిన పుస్తకాలేమో, చాలావాటికి ఆఖరి పేజీలు ఉండేవి కావు. 'డిటెక్టివ్ నవలలు చదివితే చెడిపోతారు' అని పెద్దవాళ్ళు కోప్పడేవారు. ఆ కోప్పడిన పెద్దలే తమ చిన్నతనంలో బెంగాలీ నుంచి వచ్చిన పాంచకడి దేవ్ నవలల్ని అన్నం మానేసి చదివారని తరవాత తెలిసింది.

జర్మన్ నేర్చుకోవటమూ ఇదే దారిన సాగింది. కోర్సులో వ్యాకరణం చెప్పారు. క్రియాపదం కోసం వాక్యం చివరిదాకా ఓపిక పట్టటం మాత్రం క్రిములే నేర్పాయి. జర్మన్ ఉపవాక్యాల్లో, మన తెలుగులో లాగే, క్రియ చివర వస్తుంది. ఎవరు ఎవరిని ఎక్కడ ఎప్పుడు దేనితో అన్నదంతా చెప్పి, చంపాడా కాపాడాడా అన్నది ఆఖర్న చెప్తారు. అపరాధ పరిశోధనకి ఇంతకంటె తగిన వాక్యనిర్మాణం ఉందా?

ఇక పుస్తకాలు. అలమారాలో ముందుగా చేతికి తగిలేవి ఎడ్గార్ వాలెస్ నవలలు. ఆయన ఇంగ్లీషువాడే గాని, జర్మన్లు దత్తత చేసుకున్నారు. 1959 నుంచి 1972 దాకా ఆయన పేరుమీద ఇక్కడ 30కి పైగా సినిమాలు తీశారు. పొగమంచు, రహస్య ద్వారం, వారసత్వం కోసం ఒక అమాయకురాలి వెంటపడే ముసుగు మనిషి. మూడోది చదివేసరికి ముసుగు వెనక ఎవరున్నా మాకు ఒకటే అయిపోయింది. అలాగే కియోస్కుల్లో అమ్మే 'జెరీ కాటన్' పుస్తకాలు. 1954లో మొదలై మూడువేల సంచికలు దాటాయి. వందమందికి పైగా రచయితలు పేరు లేకుండా వ్రాశారట. ఎర్ర జాగ్వారు కారులో న్యూయార్కు వీధుల్లో తిరిగే ఎఫ్.బి.ఐ. వీరుడు, వెంట ఫిల్ డెకర్ అనే స్నేహితుడు. మనకి మధుబాబు గారి షాడో ఉన్నట్టు వాళ్ళకి ఇతను. హాయిగా ఉంటుంది. ముగించిన అయిదు నిమిషాలకి ఏమీ గుర్తుండదు. మా కొలబద్ద మీద సున్నా, మా వారాంతం మీద నూటికి డెబ్బై.

ఫ్రీడ్రిష్ డ్యూరెన్‌మాట్ దగ్గరికి వచ్చేసరికి ఆట నియమాలే మారిపోతాయి. ఆయన స్విట్జర్లాండు రచయిత, జర్మన్‌లో వ్రాశాడు. 'దాస్ ఫెర్‌ష్ప్రెఖెన్' (ఇచ్చిన మాట) 1958లో వచ్చింది. నిండా రెండువందల పేజీలు కూడా లేవు. ఒక చిన్నపిల్ల హత్య. మత్తెయి అనే పోలీసు అధికారి ఆ తల్లికి హంతకుణ్ణి పట్టుకుంటానని మాట ఇస్తాడు. అందరూ ఒక సంచార వ్యాపారిని అనుమానిస్తారు. అతను పోలీసుల ప్రశ్నలకి తట్టుకోలేక ఒప్పుకుని ఉరి వేసుకుంటాడు. కేసు మూసేస్తారు. మత్తెయి నమ్మడు. ఉద్యోగం వదిలేసి, హంతకుడు తప్పక వచ్చే దారి ఇదేనని లెక్కగట్టి, ఆ రోడ్డు మీద పెట్రోలు బంకు తీసుకుని, ఒక పసిపిల్లని ఎరగా పెట్టి కూచుంటాడు. అతని లెక్క సరైనదే. అయినా హంతకుడు రాడు. ఎందుకు రాడో మేం చెప్పం. చదివి తెలుసుకోండి, ఆ రాత్రి నిద్ర పోగలిగితే పొండి.

ఈ నవలకి ముందు ఇదే కథని డ్యూరెన్‌మాట్ సినిమాకి వ్రాశాడు. సినిమాలో నేరస్థుడు దొరుకుతాడు. దాంతో ఆయనకి తృప్తి కలగలేదు. అందుకే నవలకి 'అపరాధ పరిశోధన నవలకి చరమగీతం' అనే అర్థం వచ్చే ఉపశీర్షిక పెట్టాడు. తెలివైనవాడు లెక్క సరిగ్గా వేస్తే లోకం లొంగుతుందని క్రిములు మనకి చెప్తూ వచ్చాయనీ, అది అబద్ధమనీ ఆయన వాదన. యుగంధర్ పాఠశాలలో చదువుకున్న మాకు మొదట కోపం వచ్చింది. ఆఖరి పేజీ ముందు చదివే మాలోని వారికి కూడా ఈ పుస్తకం లొంగలేదు. చివర ఏం జరిగిందో తెలిశాక, ఆ పెట్రోలు బంకు దగ్గర మనిషి నిరీక్షణ ఇంకా భరించలేనిదవుతుంది. మేం ఈ ఏడాది చదివినవాటిలో దీనికే మొదటి స్థానం.

బెర్న్‌హార్డ్ ష్లింక్, వాల్టర్ పోప్ కలిసి వ్రాసిన 'జెల్ప్స్ యుస్టీట్స్' (జెల్ప్ చేసిన న్యాయం) 1987 నాటిది. గేర్‌హార్డ్ జెల్ప్ మన్‌హైమ్ ఊళ్ళో ప్రైవేటు డిటెక్టివు. వయసు 68. సిగరెట్లు, పిల్లి, చదరంగం స్నేహితులు. ఒక రసాయనాల కర్మాగారం అధిపతి, ఇతని చిన్ననాటి స్నేహితుడు, తమ కంప్యూటర్లలో ఎవరో చొరబడుతున్నారని పిలిపిస్తాడు. ఇక్కడిదాకా మామూలే. కాని ఈ జెల్ప్ హిట్లరు కాలంలో ప్రభుత్వ ప్రాసిక్యూటరు. కంప్యూటరు దొంగని వెతుకుతూ వెతుకుతూ అతను తన పాత ఫైళ్ళ దగ్గరికే వచ్చి నిలబడతాడు.

దీని మీద మేం రెండు రోజులు పోట్లాడుకున్నాం. మాలో ఒకరి వాదన: ఇంత మంచి భోజనప్రియుడు, ఇంత సరదా మనిషి, మనకి నచ్చేటట్టు వ్రాసి, ఆ తరవాత వీడు ఇలాంటివాడని చెప్పటం పాఠకుణ్ణి మోసం చెయ్యటమే. రెండోవారి వాదన: అదే కదా అసలు సంగతి! ఆ రోజుల్లో నేరాలు చేసినవాళ్ళు కోరలతో పుట్టలేదు. సరదా మనుషులే చేశారు. మేం ఇక్కడికి వచ్చిన కొత్తలో ట్రాములో తెల్లజుట్టు పెద్దమనిషి నవ్వుతూ సీటు ఇస్తే, 'ఈయన 1940లో ఎక్కడున్నాడో' అని అనుకునేవాళ్ళం. ఎవరినీ అడగలేదు. అడిగే చనువు మనకి లేదు. ఈ నవల అడిగింది. ష్లింక్ న్యాయశాస్త్రం చదివినవాడు, న్యాయమూర్తిగా పనిచేసినవాడు. ఆ తరవాత 1995లో 'దేర్ ఫోర్‌లేజర్' వ్రాసి లోకప్రసిద్ధుడయ్యాడు. మాకు మాత్రం ఈ ముసలి జెల్పే ఎక్కువ నచ్చాడు. ముగింపు విషయంలో రాజీ కుదరలేదు. ఇంట్లో అది ఇప్పటికీ తేలని కేసే.

ఆంద్రెయా మరియా షెంకెల్ గారి 'టానోడ్' (2006) చాలా పేరు తెచ్చుకున్న పుస్తకం. 1922 మార్చి 31 రాత్రి బవేరియాలో హింటర్‌కైఫెక్ అనే ఒంటరి పొలంలో ఒక ఇంటివాళ్ళని ఆరుగురిని చంపేశారు. నాలుగు రోజులదాకా ఎవరికీ తెలియలేదు. మరుసటి ఏడే ఇల్లు పడగొట్టేశారు. చంపిందెవరో నేటికీ తేలలేదు. రచయిత్రి ఆ ఘటనని 1950ల్లోకి మార్చి, ఊళ్ళోవాళ్ళు ఒక్కొక్కరిచేత చెప్పిస్తుంది. పోస్టుమాను, పూజారి, బడిపిల్ల, పక్క పొలం రైతు. ఎవరూ అబద్ధం చెప్పరు. ఎవరూ నిజమంతా చెప్పరు. ఆ ఇంటి లోపల జరిగే పాపం ఊరందరికీ తెలుసు. 'మనకెందుకులే' అనుకున్నారు.

ఇది చదువుతున్నంతసేపూ మాకు బవేరియా కనబడలేదు. మా ఊళ్ళే కనబడ్డాయి. కాలవగట్టు మీద పంచెలు కట్టుకుని కూచున్నవాళ్ళు, 'పెద్దవాళ్ళ సంగతులు మనకెందుకు' అనే గొంతులు. మధ్య మధ్య వచ్చే ప్రార్థనలు మాలో ఒకరికి విసుగు పుట్టించాయి. రెండోవారికి ఒళ్ళు జలదరించింది. కాని హంతకుడెవరో చివర చెప్పకపోయినా ఈ పుస్తకానికి లోటు రాదు. తేలని కేసుని నవలలో తేల్చటం ఎందుకని మా అభ్యంతరం.

ఫోల్కర్ కుట్షర్ 'దేర్ నాస్సె ఫిష్' 2007లో వచ్చింది. తడి చేప అని అర్థం. తేలకుండా అటకెక్కిన కేసుని పోలీసు పరిభాషలో అలా అంటారట. 1929 బెర్లిన్. కొలోన్ నుంచి బదిలీ మీద వచ్చిన గెరెయోన్ రాట్ అనే యువ ఇన్‌స్పెక్టరు. 'బాబిలోన్ బెర్లిన్' అని 2017లో టీవీలో వచ్చింది దీన్ని ఆధారం చేసుకునే. పది నవలలు, 2024లో వచ్చిన 'రాట్' తో మాల ముగిసింది. మేం మూడు చదివాం. లావు పుస్తకాలు. రాట్ సిగరెట్ ముట్టించినప్పుడల్లా వ్రాయకపోతే ఒక్కొక్కటి నూరు పేజీలు తగ్గుతుందని మా అంచనా. అందులో బెర్లిన్ హత్యా విభాగం అధిపతి ఎర్న్‌స్ట్ గెన్నాట్ వస్తాడు. నిజంగా బతికిన మనిషే. భారీకాయం, కేకులంటే ప్రాణం. ఆయన గదిలో కేకు తింటూ కేసులు చర్చించే ఘట్టాలు మాకు చాలా ఇష్టం. క్రిముల్లో డిటెక్టివులు సరిగ్గా తిండి తినరనీ, ఖాళీ కడుపుతో విస్కీ తాగుతారనీ మాకున్న పాత ఫిర్యాదు ఈయన వల్ల కొంత తీరింది.

ఈ నవలల్లో అసలు రహస్యం హత్యలో లేదు. 1933లో ఏం జరగబోతోందో మనకి తెలుసు, వాళ్ళకి తెలియదు. ఇన్‌స్పెక్టరు శవం పక్కన నేల మీద జాడలు వెతుకుతుంటే, కిటికీ అవతల ఒక దేశమే చేజారిపోతూ ఉంటుంది. 'రాజకీయాలు నాకెందుకు, నా కేసు నాది' అంటాడతను. ఆఖరి పేజీ ముందే చదివేసిన పాఠకుల్లా అందరం కూచుని చూడాలి. మా కొలబద్దని ఇంత చక్కగా తిరగేసిన పుస్తకాలు ఇంకెక్కడా చూడలేదు.

ఊరికొక క్రిమి అనే పద్ధతి కూడా ఇక్కడ బాగా ప్రబలింది. ఐఫెల్ కొండల క్రిమి, బవేరియా క్రిమి, సముద్రతీరం క్రిమి. సెలవులకి ఎక్కడికి వెళ్తే అక్కడి హత్య కొనుక్కోవచ్చు. రీటా ఫాల్క్ 'వింటర్‌కార్టోఫెల్‌క్నోడెల్' (2010) లో ఫ్రాంజ్ ఎబర్‌హోఫర్ అనే పల్లెటూరి పోలీసు, వంట చేసిపెట్టే చెవిటి నాయనమ్మ. నవ్వొచ్చింది. శవం కంటె వంటకాలే గుర్తున్నాయి. ఈ రకంలో చాలావాటిని చదివితే టూరిస్టు ఆఫీసు కరపత్రంలో శవం పెట్టినట్టుంటుంది. ఇంతకంటె చెప్పటానికి లేదు.

ఆఖర్న దాచుకున్నది యాకోబ్ ఆర్యూని వ్రాసిన 'హాపీ బర్త్‌డే, ట్యుర్కె!' (1985). పుట్టినరోజు శుభాకాంక్షలు, తుర్కీవాడా! అని. వ్రాసేనాటికి ఆయనకి ఇరవై ఏళ్ళే. తుర్కీవాడు కాడు, ఫ్రాంక్‌ఫర్టులో పుట్టిన జర్మన్. ఇతని డిటెక్టివు కెమాల్ కయాంకయా తుర్కీలో పుట్టి, పసితనంలో తల్లిదండ్రులు పోతే జర్మన్ దంపతుల ఇంట పెరిగినవాడు. తుర్కీ భాష ఒక్క ముక్క రాదు. ఫ్రాంక్‌ఫర్టు స్టేషను పక్క సందుల్లో తుర్కీ కూలీ ఒకడు కత్తిపోటుకి చచ్చిపోతే, పోలీసులు పట్టించుకోకపోతే, అతని భార్య తన జాతివాడే కదా అని కయాంకయా దగ్గరికి వస్తుంది. ఆమె మాట్లాడే భాష అతనికి రాదు.

1961లో తుర్కీతో ఒప్పందం చేసుకుని జర్మనీ కూలీలని రప్పించుకున్నప్పుడు, వాళ్ళ పిల్లలు ఇక్కడ ఏమవుతారన్నది ఎవరూ ఆలోచించలేదు. కయాంకయాని ఆఫీసుల్లో, బార్లలో, పోలీసు స్టేషన్లలో అందరూ 'నువ్వు' అంటారు. వచ్చీరాని భాషలో, చిన్నపిల్లలకి చెప్పినట్టు క్రియలు విరిచి మాట్లాడతారు. అతను నిఖార్సయిన ఫ్రాంక్‌ఫర్టు జర్మన్‌లో బదులిస్తాడు. ఈ పుస్తకం ఇంగ్లీషులోకి వెళ్ళింది. కాని ఇంగ్లీషులో 'నువ్వు', 'మీరు' తేడా లేదు. తెలుగువాడికి మాత్రం ఆ దెబ్బ ఎక్కడ తగులుతుందో వెంటనే తెలుస్తుంది. పరాయివాడు మొదటి పరిచయంలో 'నువ్వు' అంటే మన చెవులు కాలతాయి కదా! ఈ నవలని ఎవరైనా తెలుగు చేస్తే ఇంగ్లీషు కంటె మెరుగ్గా వస్తుందని మా నమ్మకం. హత్య చిక్కుముడి మామూలుదే. తాగుడు, తన్నులు మరీ ఎక్కువ. అయినా మేం రెండుసార్లు చదివాం.

మూడోసారి చదివింది మా అమ్మాయి. ఇక్కడే పుట్టింది, పదిహేడేళ్ళు. బల్లమీద ఉంటే తీసుకుపోయి ఒక్క రోజులో ముగించింది. నచ్చిందా అంటే, 'ఆ హత్య సంగతి సగంలోనే తెలిసిపోయింది. కాని అందరూ అతన్ని, నిజానికి ఏ ఊరు నీది అని అడుగుతూనే ఉంటారు చూడండి, అది నాకు రోజూ జరిగేదే' అంది. జర్మన్‌లోనే అంది. కిందటి సెలవులకి గుంటూరు వెళ్తే అక్కడా అదే ప్రశ్న అడిగారని కూడా అంది. అమ్మమ్మ మాటలన్నీ అర్థమవుతాయి, జవాబు మాత్రం మూడు మాటల దగ్గర ఆగిపోతుంది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. క్రిమి చదివి వినోదించిన మాకు, మా ఇంట్లోనే ఒక కయాంకయా తిరుగుతున్నాడని ఆ పుస్తకం చెప్పింది. ఆర్యూని 2013లో, యాభై నిండకుండానే పోయాడు. మొత్తం అయిదు కయాంకయా నవలలు వ్రాశాడు. మిగిలిన నాలుగూ మా అమ్మాయి చదివేసింది.

ఇన్ని చదివాక మన యుగంధర్ మా కొలబద్దకి నిలుస్తాడా అని మీరడగవచ్చు. నిజం చెప్పాలంటే, హంతకుడెవరో తెలిశాక ఆ కథల్లో పెద్దగా మిగలదు. హిట్లరు కాలపు ఫైళ్ళూ, ఊరి మౌనమూ అందులో లేవు. మన ఊళ్ళలో కులమూ, భూమీ, పరువూ పేరుతో జరిగిన హత్యల జోలికి మన డిటెక్టివులు ఎక్కువగా పోలేదు. ఆ లోటు లోటే. కాని ఒకటి మిగులుతుంది. తేటగా, అడ్డం లేకుండా, పేజీ తరవాత పేజీ పరుగెత్తే తెలుగు. చదివేవాడికి తాను చదువుతున్నానన్న సంగతే తెలియనివ్వని తెలుగు. మన పిల్లలకి వేమన పద్యాలు కంఠస్థం చేయిస్తున్నాం, మంచిదే. కాని తరవాతి పేజీలో ఏముందో తెలియకపోతే నిద్ర పట్టని స్థితి పద్యాల వల్ల రాదు.

అందుకని శనివారం రాత్రులు మా అమ్మాయికి ఒక యుగంధర్ నవల చదివి వినిపిస్తున్నాం. వారానికి ఒక్క ప్రకరణం. సరిగ్గా తలుపు చప్పుడయ్యే చోట ఆపేస్తాం. తెలుగు అక్షరాలు తనకి సగమే వచ్చు. తలుపు వెనక ఎవరున్నారో శనివారం లోపల తెలియాలంటే మిగతా సగం నేర్చుకోవాలి. కిందటి మంగళవారం ఆ పుస్తకం ఉండవలసిన చోట లేదు. మేమూ అడగలేదు.

సంఘ సభ్యులకి ఒక మనవి. కొమ్మూరి వారి నవలలు ఎవరి అటకల మీదైనా ఉంటే వచ్చే సమావేశానికి పట్టుకురండి. భద్రంగా చదివి తిరిగి ఇచ్చేస్తాం. ఆఖరి పేజీలు ఉన్నవయితే మరీ సంతోషం.